ఒక మాసము - రెండు త్రాసులు

పాఠశాలలలో చరిత్ర బోధించు పద్ధతి యొకటి చిరకాలముగా స్థిరపడియున్నది. ఇంగ్లండు చరిత్ర ఒక అధ్యాయము, ఈజిప్టు చరిత్ర మరియొక అధ్యాయము, హంగరీ ముచ్చట ఎక్కడనో ఒక మూల నాలుగు పంక్తులు, ఆంధ్రదేశ చరిత్ర వేరొక పుస్తకము. విద్యార్థి ఒక్కొక్క దేశచరిత్రలోనికి నూతిలోనికి దిగినట్లు నిలువుగా దిగి, చూచి, పైకి వచ్చును. ఒక నూతి నీటికిని మరియొక నూతి నీటికిని భూగర్భమున సంబంధ మున్నదని అతనికి తెలియు నవకాశము తక్కువ. తేదీలు కంఠస్థము లగును, పరీక్షలో మార్కులు వచ్చును. కాని ఆ తేదీలు ఒకదాని ప్రక్క నొకటి నిలిచి ఏమి చెప్పుచున్నవో వినబడదు.

ఆ కాలమున జీవించినవారు చరిత్ర నట్లు చదువలేదు. వారికది ప్రతిదినము ఉదయము ఒకే వార్తాపత్రికలో, ప్రక్కప్రక్క శీర్షికల క్రింద వచ్చినది. 1956 నవంబరు మాసమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఆ మాసము 1వ తేది గురువారము. ఆ దినమున హైదరాబాదు నగరములో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ప్రారంభించిరి. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి యైరి. దేశపటము మారి 14 రాష్ట్రములు, 6 కేంద్రపాలిత ప్రాంతములు ఏర్పడినవి. ఆ దినముననే బుడాపెస్టు నగరములో హంగరీ ప్రధాని ఇమ్రె నాజ్ తన దేశము వార్సా కూటమినుండి వైదొలగినదనియు, ఇకమీదట తటస్థముగా నుండుననియు ప్రకటించి, ఐక్యరాజ్యసమితి శరణు కోరెను. ఆ దినముననే ఈజిప్టు విమానాశ్రయములపై బ్రిటిషు, ఫ్రెంచి విమానములు బాంబులు కురిపించుచుండెను. ఆ దినముననే న్యూయార్కులో సమితి సర్వప్రతినిధి సభ తన చరిత్రలో మొదటి అత్యవసర ప్రత్యేక సమావేశమునకు కూడెను.

ఒక్క దినమున నాలుగు నగరములు, నాలుగు వార్తలు. వీనిని నాలుగు పుస్తకములలో నాలుగు సంవత్సరములలో చదువు విద్యార్థికి కానరాని దొకటి, ఒక్క పుటలో చదువువానికి కానవచ్చును. ఆ మాసమున రెండు చిన్న దేశములపైకి పెద్ద దేశముల సైన్యములు నడచినవి. ఒకదానికై కన్నీరు కార్చినవారు రెండవదాని విషయమున కన్నులు మూసికొనిరి. ఆ మాసము మానవజాతికి పెట్టిన పరీక్ష ఒక్కటే: న్యాయమును తూచుటకు త్రాసు ఒకటా, రెండా?

మొదట సూయజు కథ. ఆ కాలువ 1869లో తెరవబడినది. ఆఫ్రికా ఖండము నంతయు చుట్టి రావలసిన ఓడలకు మధ్యధరా సముద్రమునుండి ఎఱ్ఱసముద్రమునకు దగ్గరిదారి కల్పించినది. ఈజిప్టు నేలలో, ఈజిప్టు కూలీల చెమటతో త్రవ్వబడినను, దానిపై పెత్తనము ప్రధానముగా ఫ్రెంచి, బ్రిటిషు వాటాదారులు గల కంపెనీది. ఆ కంపెనీ కౌలు 1968లో ముగియవలసియుండెను. ఇంతలో నైలునదిపై ఆస్వాను వద్ద గొప్ప ఆనకట్ట కట్టదలచిన ఈజిప్టునకు ధనసహాయము చేయుదుమని చెప్పిన అమెరికా, బ్రిటను దేశములు 1956 జూలైలో మాట వెనుకకు తీసికొన్నవి. ఆ నెల 26వ తేదిని ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసరు అలెగ్జాండ్రియా సభలో కాలువ కంపెనీని జాతీయము చేసినట్లు ప్రకటించెను. వాటాదారులకు పరిహార మిత్తుమనియు చెప్పెను.

పశ్చిమ యూరపు దేశములు వాడు చమురులో అధికభాగము ఆ దారినే రావలసియుండెను. కావున వాని ఆందోళన నిరాధారము కాదు. కాని ఆందోళనకు మందు చర్చ. బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయెలు ప్రతినిధులు పారిసు సమీపమున సెవ్రు అను చోట ఒక గృహములో రహస్యముగా కలిసికొని, అక్టోబరు 24వ తేదిని ఒక ఒప్పందముపై సంతకములు చేసిరి. ఆ పథకము ప్రకారము ఇజ్రాయెలు ముందుగా ఈజిప్టుపై దాడి చేయవలెను. పిమ్మట బ్రిటను, ఫ్రాన్సులు ఏమియు నెరుగనట్లు మధ్యవర్తులై వచ్చి, ఇరుపక్షములను విడదీయు మిషతో కాలువను పట్టుకొనవలెను. అక్టోబరు 29న ఇజ్రాయెలు సైన్యము సినాయి ఎడారిలో ప్రవేశించెను. 30న బ్రిటను, ఫ్రాన్సులు ఇరుపక్షములును కాలువకు పది మైళ్ల దూరమునకు తొలగవలెనని పండ్రెండు గంటల గడువుతో తాఖీదు పంపినవి. దాడికి గురియైన దేశము తన నేలమీదనే వెనుకకు జరుగవలెనట! దాడి చేసిన దేశమునకు కాలువవరకు వచ్చుటకు అనుమతి యట! మధ్యవర్తిత్వమునకు ఇంతకన్న వింతయైన అర్థ మెవ్వరును చెప్పియుండరు.

ఇక హంగరీ కథ. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ దేశము సోవియట్ కూటమిలో చేరిపోయినది. నిర్బంధములు, రహస్య పోలీసుల దండనలు ప్రజలను క్రుంగదీసినవి. 1956 ఫిబ్రవరిలో క్రుశ్చేవు తన పార్టీ మహాసభలో స్టాలిను అపరాధములను వెల్లడించుటతో తూర్పు యూరపు అంతట ఒక కదలిక పుట్టెను. బుడాపెస్టు సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు పదునారు కోరికల పట్టిక యొకటి సిద్ధపరచిరి. సోవియట్ సైన్యము మరలిపోవలెను, ఇమ్రె నాజ్ ప్రధాని కావలెను, స్వేచ్ఛగా ఎన్నికలు జరుగవలెను - ఇవి యందు ముఖ్యములు. అక్టోబరు 23న వారు ఊరేగింపుగా బయలుదేరిరి. సాయంకాలమునకు పనివారును, గృహస్థులును వారితో కలిసిరి. ఆ రాత్రి స్టాలిను లోహవిగ్రహమును జనులు కూల్చివేయగా పీఠముపై బూట్లు మాత్రమే మిగిలెను. రేడియో కార్యాలయము వద్ద తుపాకులు మ్రోగెను. విద్యార్థుల కాగితము విప్లవమైనది.

మరునాడు నాజ్ ప్రధాని యయ్యెను. ఆయన కమ్యూనిస్టే. చిరకాలము ఆ పార్టీలో నుండినవాడే. కాని తన ప్రజల మాట విన్నవాడు. కొన్ని దినములు శాంతి కుదిరినట్లే కనబడెను. బుడాపెస్టునుండి సోవియట్ దళములు తొలగసాగెను. అక్టోబరు 31న మాస్కో నాయకులు మనసు మార్చుకొని, బలప్రయోగమునకు నిర్ణయించిరి. నవంబరు 3వ తేది రాత్రి సంధి చర్చలకు వచ్చిన హంగరీ రక్షణమంత్రి పాల్ మలేటరును చర్చల బల్లవద్దనే నిర్బంధించిరి. 4వ తేది తెల్లవారుజామున టాంకులు రాజధానిలో ప్రవేశించెను. ఉదయము 5 గంటల 20 నిమిషములకు నాజ్ రేడియోలో ప్రపంచమునకు ఆ వార్త వినిపించి, యుగోస్లావ్ రాయబార కార్యాలయమున తలదాచుకొనెను. ఆ పోరాటములో దాదాపు 2,500 మంది హంగేరియనులు, 700 మంది సోవియట్ సైనికులు మరణించిరి. సుమారు 2 లక్షల మంది ఇల్లు వాకిలి విడిచి సరిహద్దులు దాటిపోయిరి.

ఈ రెండు కథలను విడివిడిగా చెప్పిన, ఒకదానిలో సామ్రాజ్యవాదుల దురాశయు, మరియొకదానిలో నియంతల క్రౌర్యమును కనబడును. ప్రక్కప్రక్కన పెట్టిన మూడవ విషయ మొకటి కనబడును. అది ఇరుపక్షముల బూటకము.

భద్రతాసమితిలో అక్టోబరు 30న ఇజ్రాయెలు వెనుకకు మరలవలెనను తీర్మానమును బ్రిటను, ఫ్రాన్సులు వీటోతో త్రోసివేసినవి. బ్రిటను ఆ అధికారమును ప్రయోగించుట అదే మొదటిసారి. ఐదు దినములు గడచునప్పటికి హంగరీ విషయమున సోవియట్ యూనియను అదే వీటోను ప్రయోగించినది. శాంతిని కాపాడవలసినవారికి ప్రత్యేకముగా ఇచ్చిన అధికారము శాంతిభంగమునకు కవచమైనది. కంచెయే చేను మేసినది. బుడాపెస్టు వీధులలో టాంకులు త్రిప్పుచున్నవారే ఈజిప్టు స్వాతంత్ర్యమునకై ఆగ్రహించిరి. నవంబరు 5న సోవియట్ ప్రధాని బుల్గానిను బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయెలు ప్రధానులకు బెదరింపు లేఖలు పంపెను. పోర్టుసయ్యదులో సైన్యము దించినవారే హంగరీ స్వాతంత్ర్యమునకై విలపించిరి. గురివింద గింజ తన క్రింది నలుపు నెరుగదని తెలుగు సామెత. ఆ వారమున ప్రపంచమంతయు గురివింద తోటయే.

అంతియ కాదు. ఒక పాపము మరియొక పాపమునకు నీడయైనది. ఈజిప్టుపై బాంబులు పడకున్నచో హంగరీపై ప్రపంచదృష్టి యింతకన్న నిశితముగా నుండెడిది. బుడాపెస్టు మండకున్నచో సూయజు దండయాత్రను గూర్చి మాస్కో చెప్పిన నీతులకు ఎవరైనను చెవియొగ్గియుందురు. దొంగలిద్దరు ఒకే రాత్రి రెండిండ్లలో ప్రవేశించిన, ఊరిజనులు ఏ యింటికి పరుగెత్తుదురు?

ఇక భారతదేశము మాట. దీనిని దాచుట ఉపాధ్యాయునికి తగదు. ఈజిప్టుపై జరిగిన దండయాత్రను భారతప్రభుత్వము వెంటనే, గట్టిగా, సంశయము లేకుండ ఖండించినది. అది సర్వవిధముల యోగ్యమైన పని. హంగరీ విషయమున ఆ గొంతు తడబడినది. నవంబరు 4న సోవియట్ సైన్యములు మరలిపోవలెనని సర్వప్రతినిధి సభ 50 ఓట్లతో కోరినపుడు వ్యతిరేకించినవి 8 దేశములు, తటస్థముగా నున్నవి 15. భారతదేశ మీ పదునైదింటిలో నొకటి. నవంబరు 9న సమితి పర్యవేక్షణలో హంగరీ ఎన్నికలు జరుగవలెనను భాగముతో కూడిన మరియొక తీర్మానము రాగా, భారతదేశము ఏకముగా వ్యతిరేకముగనే ఓటు చేసినది. కమ్యూనిస్టేతర దేశములలో అట్లు చేసినది మరియొకటి లేదు.

దీనికి కారణములు లేకపోలేదు. విదేశీ పర్యవేక్షణతో ఎన్నికలను ఒక దేశముపై రుద్దుట మంచి సంప్రదాయము కాదనియు, నేడు హంగరీకి వర్తించినది రేపు కాశ్మీరమునకు వర్తింపవచ్చుననియు ఢిల్లీలో భయముండెను. కాశ్మీర సమస్యపై సోవియట్ మద్దతు అవసరమను లెక్కయు నుండెను. బుడాపెస్టునుండి వార్తలు సరిగా అందలేదన్నది మరియొక సమాధానము. నెహ్రూ మౌనముగా నుండిరనుటయు న్యాయము కాదు. నవంబరు 5న ఢిల్లీలో యునెస్కో మహాసభను ప్రారంభించుచు ఆయన ఈజిప్టును, హంగరీని ఒక్క వాక్యమున చేర్చియే విచారము వెలిబుచ్చిరి. 14వ తేదిని బర్మా, సింహళ, ఇండొనేషియా ప్రధానులతో కలిసి సోవియట్ సైన్యము హంగరీనుండి మరలవలెనని ప్రకటించిరి. కొలది దినములకు సింహళ, ఇండొనేషియాలతో కలిసి, సమితి పరిశీలకులను హంగరీ తన దేశములోనికి రానీయవలెనను తీర్మానమును భారతదేశమే సభలో ప్రవేశపెట్టినది.

ఐనను, కారణము వేరు, న్యాయము వేరు. కారణము తప్పును వివరింపగలదు కాని ఒప్పుగా మార్చలేదు. ఈజిప్టు విషయమున ఒక్కపూటలో దొరికిన మాటలు హంగరీ విషయమున పది దినములకు గాని దొరకలేదు. అలీన విధానమనగా రెండు కూటములకును సమానదూరమున నిలుచుటే కాదు, రెండు కూటముల తప్పులను సమానమైన గొంతుతో చెప్పుట. ఈ మాటనే ఆనాడు జయప్రకాశ్ నారాయణ్ బహిరంగముగా చెప్పిరి. నెహ్రూకు ఆయన మిత్రుడు, స్వాతంత్ర్యసమరమున సహచరుడు. అట్టివాడు తన దేశప్రభుత్వమునే ప్రశ్నించెను. ఆ ప్రశ్న దేశమునకు అపకీర్తి తేలేదు. ఆ మాసమున భారతదేశపు పరువును కొంతవరకైనను నిలిపినవి అట్టి ప్రశ్నలే.

ఇచట గమనింపవలసిన ముఖ్యవిషయము కలదు. 1956 నవంబరులో దాదాపు ప్రతి ప్రభుత్వముచేతిలోను రెండు త్రాసులున్నవి. ఒక్క త్రాసు పట్టినవారు వ్యక్తులు. బ్రిటిషు విదేశాంగశాఖలో సహాయమంత్రి యగు ఆంథొనీ నట్టింగు తన ప్రభుత్వము చేయు పనికి ఒప్పలేక పదవి విడిచెను. నవంబరు 4వ తేది ఆదివారమున లండను ట్రఫాల్గరు స్క్వేరులో వేలాది బ్రిటిషు పౌరులు తమ ప్రభుత్వము చేయు యుద్ధమునకు వ్యతిరేకముగా సభ జరిపిరి. ఆ ఉదయమే అబ్జర్వరు పత్రిక తన సంపాదకీయములో ప్రధాని ఈడెనును తూర్పారబట్టెను. రెండవ ప్రక్క, బ్రిటిషు కమ్యూనిస్టు పార్టీ దినపత్రికయగు డైలీ వర్కరు విలేకరి పీటరు ఫ్రయరు బుడాపెస్టులో తన కన్నులతో చూచినది వ్రాసి పంపగా, ఆ పత్రిక దానిని ప్రకటింపలేదు. అతడు ఉద్యోగము వదలుకొనెను. నట్టింగు మంత్రి, ఫ్రయరు కమ్యూనిస్టు. ఇద్దరి రాజకీయములకు పొత్తు లేదు. ఇద్దరును చేసిన పని మాత్రము ఒక్కటే. తమవారు చేసినను తప్పు తప్పే యనిరి.

సూయజు యుద్ధ మాగినది, హంగరీ దండయాత్ర ఆగలేదు. దీనికి హేతువేమని విద్యార్థి అడుగక మానడు. సమితి ఒకచోట గెలిచి, రెండవచోట ఓడినదని చెప్పి ఊరకుండుట చాలదు. నవంబరు 2 తెల్లవారుజామున సర్వప్రతినిధి సభ యుద్ధవిరమణ కోరుచు 64 ఓట్లతో తీర్మానించినది. వ్యతిరేకించినవి 5 దేశములే. ఇది గొప్పవిషయమే. అందును, భద్రతాసమితి వీటోతో స్తంభించిన సర్వప్రతినిధి సభ కూడవచ్చునను ఏర్పాటు 1950లో కొరియా యుద్ధకాలమున పశ్చిమదేశములే సోవియట్ వీటోను దాటుటకై చేసికొన్నది. ఆ ఏర్పాటు ననుసరించి కూడిన తొలి అత్యవసర సమావేశమున దోషులుగా నిలిచినవి బ్రిటను, ఫ్రాన్సులే. కాని బ్రిటిషు సైన్యము నవంబరు 6వ తేది అర్ధరాత్రి ఆగినది కేవలము ఓట్ల లెక్కకు కాదు. పౌను విలువ పడిపోసాగెను. ఆ ఒక్క మాసమున బ్రిటను నిల్వలు దాదాపు 28 కోట్ల డాలర్లు తరిగిపోయెను. ఓడలు ముంచుటవలన కాలువ మూతబడెను. సిరియాలో చమురు గొట్టపుమార్గము ప్రేల్చివేయబడెను. ఆ యాపదలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు, సైన్యము మరలిననే గాని ధనసహాయము లేదనెను. ఆయన తిరిగి ఎన్నికైన దినము నవంబరు 6 కావుట మరియొక విశేషము.

మాస్కో పైన అట్టి ఒత్తిడి తేగలవా డెవడును లేడు. పశ్చిమ రేడియోలు హంగేరియనులకు ఆశలు కల్పించినవి గాని సహాయము చేయలేదు. అణ్వస్త్రములు గల రాజ్యముతో యుద్ధమునకు ఎవరును సిద్ధపడలేదు. కావున విద్యార్థికి చెప్పవలసిన చేదునిజ మిది: న్యాయము పలికినంత మాత్రమున గెలువదు. దాని వెనుక బల ముండవలెను. ఐన, బలము లేనిచోట న్యాయము పలుకుట వ్యర్థమా? కాదు. ఓటింపులో గెలిచియు హంగరీ ఓడిపోయినది. కాని ఆ ఓట్లు చరిత్రలో మిగిలినవి. ఎవరు ఏ దినమున ఏ ప్రక్క నిలిచిరో ఆ పట్టిక ఈనాటికిని చెప్పుచున్నది.

సూయజు సంక్షోభమునుండి మంచి యొకటి పుట్టినది. కెనడా విదేశాంగమంత్రి లెస్టరు పియర్సను సూచనపై, నవంబరు 4న సమితి పక్షమున ఒక శాంతిదళమును ఏర్పాటు చేయుటకు సభ అంగీకరించినది. వ్యతిరేకముగా ఒక్క ఓటు రాలేదు. 15వ తేదికే తొలి సైనికులు ఈజిప్టు నేలపై దిగిరి. యుద్ధము చేయుటకు గాక, యుద్ధము చేయువారి నడుమ నిలుచుటకు వచ్చిన సైన్యమది. భారతీయ సైనికులును ఆ మాసమే అందు చేరిరి. తరువాతి కాలమున జ్ఞానీ, రిఖీ అను భారతీయ సేనానులు ఆ దళమునకు నాయకులైరి. పియర్సనుకు 1957లో నోబెలు శాంతిబహుమానము లభించెను. ఆ దళము 1967 వరకు అచట నిలిచెను.

అసత్యమునకు ఆ మాసమున గొప్ప గిరాకి. నవంబరు 22న నాజ్‌కు అభయపత్ర మిచ్చి రాయబార కార్యాలయమునుండి బయటికి రప్పించి, ద్వారముదాటిన వెంటనే పట్టుకొని రుమేనియాకు తరలించిరి. 1958 జూన్ 16న ఆయనను, మలేటరును ఉరితీసిరి. లండనులో ప్రధాని ఈడెను, ఇజ్రాయెలు దాడి జరుగునని తమకు ముందుగా తెలియదని డిసెంబరు 20న పార్లమెంటునకు చెప్పెను. సెవ్రు ఒప్పందపు ప్రతులను నాశనము చేయింప ప్రయత్నించెను. జనవరిలో పదవి వదలెను, అనారోగ్యము కారణమని చెప్పెను.

ఆ దినములలోనే దక్షిణభారతమున జరిగిన సంగతి యొకటి ఈ సందర్భమున స్మరింపదగినది. నవంబరు 23న మదరాసు రాష్ట్రమున అరియలూరు సమీపమున వంతెన కొట్టుకొనిపోయి రైలు నదిలో పడెను. నూటికి పైగా ప్రయాణికులు మరణించిరి. సెప్టెంబరులో మహబూబునగరు సమీపమున జరిగిన రైలుప్రమాదము ప్రజలు మరువకమునుపే ఇది సంభవించెను. రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి ఆ వంతెన కట్టినవాడు కాదు, రైలు నడిపినవాడు కాదు. మొదటి ప్రమాదమునకే రాజీనామా ఇవ్వబోగా నెహ్రూ వలదనిరి. ఈసారి పట్టుబట్టి పదవి విడిచిరి. తాము సంతకము చేసిన ఒప్పందమును ఎరుగమన్నవారు ఒకచోట, తాము చేయని తప్పునకు బాధ్యత వహించినవారు మరియొకచోట. ఇట్టి రెండు సంగతులను ఒకే మాసమున ప్రక్కప్రక్కన చూపగల యుపాధ్యాయునకు నీతిపాఠము వేరుగా చెప్పవలసిన పని లేదు.

అసత్యము ఎంతకాలము నిలిచినది? సెవ్రు ఒప్పందమున ఇజ్రాయెలువారి ప్రతి మిగిలియుండి తుదకు వెలుగులోనికి వచ్చినది. నాజ్ ఉరికంబ మెక్కిన ముప్పదియొక సంవత్సరములకు, సరిగా అదే జూన్ 16న, 1989లో బుడాపెస్టు నగరము ఆయనకు లక్షలాది జనుల సమక్షమున అంత్యక్రియలు జరిపినది. ఆ విప్లవములో పాల్గొని యావజ్జీవశిక్ష పొందిన రచయిత ఆర్పాడ్ గోంట్సు 1990లో ఆ దేశమునకు అధ్యక్షు డయ్యెను. సత్యము ఆలస్యముగా వచ్చుట చనిపోయినవారికి ఊరట కాదు. కాని బ్రతికియున్నవారికి హెచ్చరిక.

ఆ మాసమున పెద్ద అక్షరములలో పడని వార్తలును కలవు. నవంబరు 12న సూడాను, మొరాకో, ట్యునీషియాలు సమితిలో సభ్యత్వము పొందెను. సామ్రాజ్యములు సూయజువద్ద తుపాకి పేల్చుచున్న వేళ, వాని చేతులనుండి జారిన దేశములు సభలో కుర్చీలు వేసికొనుచుండెను. మరునాడు అమెరికా సుప్రీంకోర్టు, మాంట్‌గొమరీ నగరపు బస్సులలో నల్లవారిని వేరుగా కూర్చుండబెట్టుట రాజ్యాంగవిరుద్ధమను తీర్పును ఖాయపరచెను. సంవత్సరముగా బస్సు ఎక్కక కాలినడకను పనికి పోయిన సామాన్యుల విజయమది. నవంబరు 25న మెక్సికో తీరమునుండి 82 మందితో ఒక చిన్నపడవ క్యూబాకు బయలుదేరెను. అందులో ఫిడెల్ కాస్ట్రో యుండెను. నేటి పత్రికలో మూల నున్న వార్త రేపటి చరిత్రలో అధ్యాయము కావచ్చును.

నవంబరు 22న మెల్బోర్నులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. అచటికిని రెండు త్రాసులు వచ్చినవి. సూయజు కారణమున ఈజిప్టు, ఇరాకు, లెబనాను పాల్గొనలేదు. హంగరీ కారణమున హాలెండు, స్పెయిను, స్విట్జర్లండు ఆ క్రీడలకు రాలేదు. రెండింటికొరకును విరమించుకొన్న దేశ మొక్కటియు లేదు. హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో వెళ్లిన భారత ఫుట్‌బాలు జట్టు మొదట హంగరీతో ఆడవలసియుండగా, ఆ జట్టు రాలేదు. ఆడకయే తదుపరి ఘట్టమునకు చేరిన భారత జట్టు, ఆస్ట్రేలియాను ఓడించి నాల్గవ స్థానము పొందెను. ఆ విజయమున తెలుగువారికి గర్వము కలుగుట సహజము. ఆడుటకు రాని ఆ యువకులను తలచుకొనుటయు అంత సహజము కావలెను.

డిసెంబరు 8న ఆ క్రీడల ముగింపులో చిత్రమొకటి జరిగినది. అంతకుముందు ముగింపు ఊరేగింపులలో ఏ దేశపు జట్టు ఆ దేశపు పతాకము వెనుక వరుసగా నడిచెడిది. ఆ సంవత్సరము పదునేడేండ్ల కుర్రవాడొకడు, చీనాజాతికి చెందిన ఆస్ట్రేలియను, నిర్వాహకులకు పేరు వ్రాయని లేఖ పంపెను. క్రీడాకారులందరు దేశభేదము లేక కలిసి నడువవలెనని అతని కోరిక. నిర్వాహకులు దాని నంగీకరించిరి. నాటినుండి ఆ పద్ధతి నిలిచిపోయినది. ప్రధానులు, అధ్యక్షులు చేయలేని దానిని ఒక బాలుని చీటి ఒక్క సాయంకాలమునకైనను చేసి చూపినది.

దూరదేశపు త్రాసులను పరీక్షించువారు ఇంటి త్రాసును మరువరాదు. ఆ నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తుపాకితో గాక, ప్రజాభిప్రాయముతోను, చట్టముతోను ఏర్పడినది. అందులకు తెలుగువారు గర్వింపవచ్చును. కాని ఆ సంవత్సరము ఫిబ్రవరి 20న ఉభయప్రాంత నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొని, తెలంగాణమునకు కొన్ని రక్షణలు వాగ్దానము చేసిరి. ఆ వాగ్దానము నెరవేరలేదను బాధ అచటి ప్రజలలో చిరకాలము రగిలినది. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేకరాష్ట్ర మైనది. సూయజుతోను, హంగరీతోను దీనిని పోల్చుట తగదు. పోలిక ఒక్కటే: చేసిన మాటను అవతలివాని కన్నులతో తూచి చూడనిచో, చిన్న యింటిలోనైనను త్రాసు వంగును.

కావున ఉపాధ్యాయులు సంవత్సరములో ఒక్కసారియైన ఒక్క మాసమును ఎన్నుకొని, నల్లబల్లపై అడ్డముగా గీతలు గీసి, దేశముల పేర్లు ప్రక్కప్రక్కన వ్రాసి బోధించుట మంచిది. అప్పుడు మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఇచట బలవంతు డెవడు, బలహీనుడెవడు? బలవంతుని గూర్చి ఎవరేమనిరి? ఆ మాటనే వారు తమ మిత్రుడు తప్పుచేసినపుడును అనిరా? మొదటి రెండింటికి సమాధానము పుస్తకములలో దొరకును. మూడవదానికి విద్యార్థి పత్రికలు తిరుగవేసి వెదుకవలెను. ఆ వెదకుటలోనే అతనికి చరిత్ర తేదీల పట్టిక కాదని తెలియును.

ఈజిప్టు నాయకుడు ప్రజాస్వామ్యవాది కాడని, హంగరీ ప్రధాని నిన్నటి దాక కమ్యూనిస్టే యని, ఆనాడు చాలమంది చాల సాకులు చెప్పిరి. దెబ్బతిన్నవాడు సాధువై యుండవలెనను నియమము న్యాయశాస్త్రమున లేదు. అతని గుణదోషములు తరువాత తేల్చుకొనవచ్చును. దెబ్బ మొదట ఆపవలెను. ఈజిప్టు కూలివాని గుడిసెపై పడిన బాంబును, బుడాపెస్టు విద్యార్థి గుండెలో దిగిన గుండును ఒకే పళ్లెములో నుంచి తూచు విద్యార్థి ఒక్కడు తరగతిలో తయారైన, ఆ సంవత్సరపు చరిత్రపాఠము ఫలించినట్లే.